అత్తరు సాయిబు సీసాలో మట్టి వాసన

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన 26వ నంబరు చట్టానికి ఒక జాబితా ఉంది. బీసీల్లో ‘ఈ’ గ్రూపు కింద, ముస్లిముల్లోని 14 సమూహాలకు చదువులో, నౌకరీల్లో నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చిన ఫెహరిస్త్ అది. అచ్చుకట్లవాండ్లది మొదటి పేరు. రెండో పేరు అత్తరు సాయిబులు, అత్తరోళ్ళు. ఆ తర్వాత దోబీ ముస్లిములు, ఫకీర్లు, గారడీ ముస్లిములు... ఈ జాబితా ఎప్పుడు చూసినా నా చూపు ఆ రెండో పేరు దగ్గర ఆగుతుంది. బాద్షాలు, బేగంలు, నవాబులు షౌక్‌గా పూసుకున్న ఇత్ర్‌ని అమ్మిన మనుషులు గుర్బత్‌కి సర్కారీ ముద్ర పడిన జాబితాలో రెండో వరుసలో నిలబడ్డారు. ఈ సఫర్ ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు వాసన గురించే మాట్లాడాలి.

ఉర్దూలో ఖుష్బూ అంటాం. ఖుష్ అంటే మంచి, ఆనందం. బూ అంటే వాసన. ఒట్టి ‘బూ’ అంటే కంపు అనే అర్థమే ముందు వస్తుంది, కాబట్టి దానికి ఖుష్ తోడు కావాలి. అరబీలో ఇత్ర్ అంటే పరిమళం. దాన్ని తయారు చేసేవాడు, అమ్మేవాడు అత్తార్. నిషాపూర్ సూఫీ షాయర్ ఫరీదుద్దీన్ అత్తార్‌కి ఆ తఖల్లుస్ వచ్చింది ఆ పేషా వల్లనే, ఆయన మందులూ సుగంధాలూ అమ్మే దుకాణదారు. తెలుగులో వస్తువూ మనిషీ దాదాపు ఒకే శబ్దంలోకి వచ్చేశారు. సీసాలో ఉన్నది అత్తరు, సీసా పట్టుకున్నవాడు అత్తరు సాయిబు. నా చిన్నప్పుడు నల్గొండ వైపు మా ఊరికి ఉర్సు రోజుల్లో వచ్చే అత్తరు సాయిబుని అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు. ఆయనకో సొంత పేరు ఉంటుందని ఎవరికీ తట్టినట్టు లేదు. చెక్కపెట్టెలో సన్నని సీసాలు, దూది, సుర్మా. దూదిపింజెను వేళ్ళ మధ్య ఉండలా చుట్టి, అత్తరులో ముంచి, మా అబ్బాజాన్ చెవి మడతలో పెట్టేవాడు. ఆ దూదిని ఫాయా అంటారు. అదొక సింగారం అనుకునేవాళ్ళం కానీ అందులో పెద్ద హిక్మత్ ఉంది. చెవి వెనక, మెడ దగ్గర ఒంటి వేడి ఎక్కువ. దూది అత్తరుని పట్టి ఉంచుతుంది, వేడి కొంచెం కొంచెంగా వదిలిస్తుంది. పొద్దున పెట్టిన ఫాయా రాత్రి దాకా పలుకుతుంది.

పరిమళం ఒంటి మీద కాలంతో పాటు మారుతుందనే ఇల్మ్ ఫ్రెంచివాళ్ళదని చాలామంది అనుకుంటారు. టాప్ నోట్, మిడిల్ నోట్, బేస్ నోట్ అనే మాటలు వాళ్ళ బజారువే, నిజమే. 19వ శతాబ్దం మధ్యలో లండన్‌లో సెప్టిమస్ పీస్ అనే పరిమళకారుడు వాసనల్ని సంగీత స్వరాల్లా మెట్లుగా అమర్చాడు. నోట్స్ అనే మాట వాడుకలో పాతుకోవడంలో ఆయన చేయి ఉంది. కానీ 9వ శతాబ్దంలోనే బగ్దాద్‌లో అల్-కిందీ సుగంధాల కీమియా మీద కితాబ్ రాశాడు. అందులో నూరుకి పైగా నుస్ఖాలు ఉన్నాయి. గులాబీనీరు దించడం ఇబ్న్ సీనా కనిపెట్టాడని మనవాళ్ళు వాట్సాప్‌లో గర్వంగా పంపుకుంటారు. ఇబ్న్ సీనా పుట్టింది 980లో. అల్-కిందీ అంతకు నూరేళ్ళ ముందే ఇంతికాల్ అయ్యాడు. ఇబ్న్ సీనా గొప్పతనానికి ఈ అబద్ధపు సర్టిఫికెట్ అవసరం లేదు.

మన దక్కన్ కూడా ఈ ఇల్మ్‌కి దూరంగా లేదు. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో గంధాల భోగం మీద ప్రత్యేక ప్రకరణమే ఉంది. ఆ కళ్యాణి ఇప్పటి బసవకళ్యాణ్, 1956 దాకా మన హైదరాబాద్ రియాసత్, రాష్ట్రంలోనే ఉండేది. మాల్వా సుల్తాను గియాస్ షా కోసం రాసిన నిమత్‌నామాలో సమోసాలు, కబాబుల నుస్ఖాల పక్కనే అత్తరు నుస్ఖాలు ఉంటాయి. బిజాపూర్‌లో రెండో ఇబ్రాహీం ఆదిల్ షా కాలంలో సుగంధాల మీద ఇత్ర్-ఎ-నౌరస్ షాహీ అనే పుస్తకమే పుట్టింది. ఇక తెలుగు సంగతి. అల్లసాని పెద్దన మనుచరిత్రలో దారి తప్పిన ప్రవరుడికి ఆ కొండల్లో మనిషి జాడ తెలిసింది కంటితో కాదు, ముక్కుతో. కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలం వాసన గాలిలో తేలివచ్చింది. ఆ వాసనని బట్టే అక్కడ ఒక ఆడమనిషి ఉందని ఆయన పోల్చుకున్నాడు. ముందు ఖుష్బూ వచ్చింది, ఆ తర్వాతే వరూధిని కనిపించింది.

మొగలుల దగ్గరికొస్తే కథ దఫ్తర్లోకి ఎక్కింది. అక్బర్ దగ్గర ఖుష్బూఖానా అనే మహకమానే ఉండేది. తర్వాత దీవాన్ దాకా ఎదిగిన ఖ్వాజా షా మన్సూర్ నౌకరీ మొదలుపెట్టింది ఆ ఖుష్బూఖానా ముషరఫ్‌గా. అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో సుగంధాల నుస్ఖాలతో పాటు వాటి ధరలు కూడా రాసిపెట్టాడు. ఊదు ఎంత, అంబర్ ఎంత, కస్తూరి ఎంత అని. నాకు ఆ ధరల పట్టికే ఎక్కువ ఇష్టం. బాద్షా షౌక్ వెనక ఒక మున్షీ కూచుని లెక్కలు వేస్తున్నట్టు కనిపిస్తుంది.

గులాబీ అత్తరుని నూర్జహాన్ కనిపెట్టిందని అందరం విన్నాం. హమామ్‌లో గులాబీరేకులు వేసుకుని స్నానం చేస్తుంటే నీటి మీద నూనె తేలిందని హికాయత్. జహంగీర్ తన తుజుక్‌లో మరోలా చెప్పాడు. ఆ ఘనత ఆయన తన అత్తగారికి, అంటే నూర్జహాన్ తల్లి అస్మత్ బేగంకి ఇచ్చాడు. వేడి గులాబీనీరు పళ్ళేల్లో పోస్తుంటే పైన తెట్టులా ఏదో చేరుతోందని ఆమె గమనించింది. ఆ తెట్టును కొద్దికొద్దిగా పోగు చేసింది. ఒక్క చుక్క అరచేతిలో రాసుకుంటే మెహఫిల్ అంతా పరిమళించేది. బాద్షా ఆమెకు ముత్యాల హారం ఇనాంగా ఇచ్చాడు. అక్కడే ఉన్న సలీమా సుల్తాన్ బేగం దానికి పేరు పెట్టింది, ఇత్ర్-ఎ-జహంగీరీ అని! కనిపెట్టింది ఒక ఔరత్, పేరు పెట్టింది ఇంకో ఔరత్, పేరు మాత్రం బాద్షాది. జనం నోట్లో పడేసరికి అస్మత్ బేగం అసలే మాయమైపోయి అందమైన మలికా ఒక్కతే మిగిలింది. చెక్కపెట్టె మోసిన సాయిబుకి పేరు లేకపోవడం కొత్త సంగతేమీ కాదన్నమాట.

పేషాలో రెండు మాటలున్నాయి, రూహ్, ఇత్ర్. పువ్వు నుంచి వేరే ఏదీ కలపకుండా దించిన నూనె రూహ్. రూహ్ అంటే ప్రాణం, ఆత్మ. అదే ఆవిరిని చందనం నూనెలోకి దించితే ఇత్ర్. రూహ్‌కి చందనం జిస్మ్ అన్నమాట. జహంగీర్ రాసినది నిజానికి రూహ్ గురించి. అత్తరు సాయిబు అమ్మింది రెండోది.

ఈ రెండో రకానికి రాజధాని కన్నౌజ్. ఒకప్పటి హర్షుడి రాజధాని, గంగ ఒడ్డు. అక్కడి భట్టీల్లో ఇప్పటికీ చూడదగిన పద్ధతి దేగ్-భప్కా. రాగి దేగ్‌లో పువ్వులు, నీళ్ళు వేస్తారు. మూత చుట్టూ మట్టి, దూది కలిపి సీలు చేస్తారు. దేగ్ నుంచి చోంగా అనే వెదురు గొట్టం వంగి వెళ్ళి నీళ్ళ తొట్టిలో మునిగిన భప్కాలో దిగుతుంది. భప్కా పొడుగు మెడ రాగిపాత్ర, దాని అడుగున చందనం నూనె ఎదురుచూస్తూ ఉంటుంది. కింద కట్టెలో, పిడకలో. మంట ఎక్కువైతే పువ్వు మాడుతుంది, తగ్గితే ఆవిరి కదలదు. థర్మామీటరు ఉండదు. భప్కాని చేత్తో తాకి, దేగ్ చప్పుడు విని కారీగర్ చెబుతాడు. రాత్రికి చల్లారాక అడుగుకు దిగిన నీటిని తీసేసి, నూనెను భప్కాలోనే ఉంచి, తెల్లారి కొత్త పువ్వులతో మళ్ళీ మొదలుపెడతారు. నూనె చాలనేదాకా రోజుల తరబడి ఇదే తంతు. చివరికి తోలు కుప్పెల్లో పోస్తారు, మిగిలిన తడి ఆ తోలులోంచి బయటికి పోతుంది, నూనె లోపల ఉండిపోతుంది.

ఈ భట్టీల్లో పువ్వు లేకుండా దించే అత్తరు ఒకటుంది. మిట్టీ ఇత్ర్. మట్టి అత్తరు. బట్టీలో కాల్చిన మట్టిబిళ్ళలు, మట్టిపాత్రల పెంకులు దేగ్‌లో వేసి, అదే పద్ధతిలో చందనంలోకి దించుతారు. తొలకరి జల్లుకి మండిన నేల వదిలే ఆ వాసనే సీసాలోకి వస్తుంది. పువ్వుకి రంగుంటుంది, రేకు ఉంటుంది, గులాబీ అని చేత్తో చూపించవచ్చు. మట్టి వాసనను ఏమని చూపిస్తారు? వానకి ముందు ఉండదు, వాన వెలిశాక కాసేపటికి ఉండదు. అలాంటి లమ్హాని పట్టుకుని సీసాలో పెట్టిన ఆ పాత కారీగర్ ఎవరో గానీ ఆయనకి నా సలాం.

1964లో ఇజబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా సైంటిస్టులు నేచర్ పత్రికలో బంకమట్టి వాసన మీద వ్యాసం రాశారు. ఎండిన మట్టి, రాయి గాలిలోని నూనెల్లాంటి పదార్థాలను పీల్చుకుని దాచుకుంటాయని, తడి తగలగానే వదులుతాయని వాళ్ళు తేల్చారు. రాళ్ళ నుంచి ఆవిరి పట్టి పసుపుపచ్చని నూనె దించారు. దానికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. గ్రీకులో పెట్రా అంటే రాయి, ఇకోర్ అంటే దేవతల ఒంట్లో రక్తానికి బదులు పారేది. ప్రపంచమంతా ఇప్పుడు ఆ మాటే వాడుతోంది. కానీ హిందుస్తాన్‌లో ఈ వాసనను చందనం నూనెలోకి దించి అమ్ముతున్నారని ఆ ఇద్దరూ తమ వ్యాసంలో ఈమాన్‌దారీగా రాశారు. మరుసటి ఏడాది మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే ఇంకో పదార్థానికి జియోస్మిన్ అని పేరు పడింది. లక్ష కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళున్నా మన ముక్కు దాన్ని పసిగడుతుంది. మట్టి విషయంలో మనిషి ముక్కు ఇంత పదునుగా ఎందుకుందో ఆలోచిస్తే నాకు రైతే గుర్తొస్తాడు.

ఇక ఒంటి మీద. చార్మినార్ చుట్టుపక్కల ఒక పాత దుకాణంలో ఈ అత్తరుని నేను మణికట్టుకి రాయించుకున్నాను. గాజుకడ్డీతో సన్నని గీత గీశాడు పెద్దాయన. అలవాటు కొద్దీ రెండు మణికట్లూ కలపబోయాను. ‘రగడో నక్కో బేటా’ అన్నాడు. రుద్దొద్దని. ఎందుకు చచ్చా అంటే, ‘ఉస్కో ఖుద్ ఖుల్‌నే దో’ అన్నాడు. దాన్నే తెరుచుకోనివ్వమని.

స్ప్రే సెంటులో ఉండేది ఎక్కువ భాగం ఆల్కహాల్. ఒంటికి తగిలీ తగలగానే అది ఎగిరిపోతూ నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసనలను వెంట మోసుకుపోతుంది. అందుకే మొదటి నిమిషంలో అంత హడావిడి. అత్తరులో ఆల్కహాల్ లేదు, ఆ హడావిడీ లేదు. మొదటి రెండు నిమిషాలు నాకు మట్టి కూడా కాదు, కొత్త కుండలో నీళ్ళు పోసిన చల్లదనం, కాస్త సున్నం, కాస్త పొగ. పది నిమిషాలకి చర్మం వేడికి నూనె పలచబడి పరుచుకుంది. అప్పుడొచ్చింది అసలు మట్టి. దుమ్ము మీద పెద్ద పెద్ద చినుకులు పడినట్టు. మదీనా చౌరస్తా దాకా నడిచేసరికి, చుట్టూ ఇరానీ చాయ్, పెట్రోలు, చెమట ఉన్నా మణికట్టు దగ్గర మాత్రం వాన కురుస్తూనే ఉంది. గంటన్నర తర్వాత తడి తగ్గింది. రెండు గంటలకి మట్టి ఎండింది, అడుగు నుంచి చందనం లేచింది, పాలమీగడలా. చందనంలోని సాంటలాల్ అణువులు బరువైనవి, తొందరగా ఎగరవు, మిగతావి వెళ్ళిపోయాక తీరుబాటుగా మాట్లాడతాయి. మఘ్రిబ్ నమాజ్ వేళకి మట్టి ఎక్కడ ఆగిందో, చందనం ఎక్కడ మొదలైందో, నా ఒంటి వాసన ఎక్కడుందో విడదీయలేకపోయాను. పక్క మనిషికి తెలియదు. సజ్దాలో ముఖం చేతుల దగ్గరికి వెళ్ళినప్పుడు నాకు మాత్రం తెలిసింది. శమామా అని ఇంకో అత్తరుంది, జటామాంసి, తుంగముస్త, రాతిపువ్వు లాంటి ఎన్నో దినుసులను కలిపి దించేది. అది ఇంకా మొండిది, మరుసటి రోజు షేర్వానీ తీస్తే కాలర్లో ఉంటుంది. దాని గురించి మరోసారి.

అత్తరు అంటే గుప్పుమనే నాసిరకం వాసన అని నమ్మేవాళ్ళు చాలామంది. నేను పనిచేసిన ఒక చోట, పండగ మర్నాడు నేను గదిలోకి రాగానే ‘సాయిబుల వాసన వచ్చింది’ అని కిటికీ తీసిన మహానుభావుడు ఉన్నాడు. జోక్ అన్నాడు. అదే మనిషి దుబాయ్ డ్యూటీ ఫ్రీ నుంచి ఊద్ సీసా తెచ్చుకుని అందరికీ ధర చెప్పాడు. ఊద్ ఎక్కడిది? అస్సాం అడవుల్లో అగరు చెట్టుకి బూజు పట్టి, ఆ గాయం చుట్టూ చెట్టు పుట్టించుకునే నల్లని జిగట కట్టె. మనం రోజూ అనే ఊదుబత్తిలో ఉన్నది అదే మాట. శతాబ్దాలుగా అరబ్బు దేశాలకు వెళ్తున్నదే. 1983లో ఒమన్ సుల్తాన్ కాబూస్ ఆదేశంతో అమువాజ్ మొదలైంది. 2002లో ఇవ్ సాం లోరాన్ ఎం7 పేరుతో ఊద్‌ని పాశ్చాత్య బజారులో నిలబెట్టింది. ఇప్పుడు దాన్ని నీష్ పర్ఫ్యూమ్ అంటున్నారు, కొద్దిమంది కోసం చేసినది అని. నీష్ అంటే ఫ్రెంచిలో గోడలోని గూడు. మన ఇళ్ళల్లో దాన్ని తాఖ్ అంటాం. అత్తరు సీసా ఎప్పుడూ ఉన్నది ఆ తాఖ్‌లోనే.

ఇంగ్లీషువాళ్ళు అత్తరుని తేలిగ్గా తీసుకోలేదు, ఇది గమనించాలి. దర్బారు ముగిసిందనడానికి సూచన అత్తర్-పాన్. ఆ మర్యాదని వాళ్ళు మనవాళ్ళ దగ్గరే నేర్చుకుని కాయిదా చేశారు. ఏ నవాబుకి వైస్రాయ్ స్వహస్తాలతో అత్తర్-పాన్ ఇవ్వాలి, ఎవరికి ఫారిన్ సెక్రటరీ ఇస్తే చాలు, ఎవరికి కింది అధికారి ఇవ్వాలి అన్నది రాజ్యాల హోదాని బట్టి. వేలి కొసన ఉన్న ఒక చుక్కలో రియాసత్ ఇజ్జత్ ఉండేది. మన వైపు ఆ అత్తర్‌దాన్‌లు బీదరీ పనితనంతో ఉండేవి. తుత్తునాగం, రాగి కలిపిన లోహం మీద వెండి పొదిగి, బీదర్ కోటలోని మట్టి కలిపిన ద్రావణంతో నల్లబరిచినవి. అక్కడా మట్టే!

దర్బారులు పోయాయి. కానీ అత్తరుని అసలు దెబ్బతీసింది దర్బారులు పోవడం కాదు, చందనం పోవడం. ఇక్కడొక మాట చెప్పాలి. మన శేషాచలం ఎర్రచందనానికీ దీనికీ సంబంధం లేదు. ఎర్రచందనానికి రంగే గానీ సువాసన లేదు. అత్తరుకి కావలసింది మైసూరు వైపు శ్రీగంధం. టిప్పు సుల్తాన్ 1792లో దాన్ని రాజ్యం సొత్తు చేశాడు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలన్నీ అదే దారి పట్టాయి. పట్టా భూమిలో మొలిచినా చెట్టు సర్కారుదే అంటే రైతు ఎందుకు పెంచుతాడు? మొలక కనిపిస్తే పీకేశాడు. అడవిలో ఉన్నది దొంగలు నరికారు. కర్ణాటక 2001లో చట్టం మార్చి చెట్టు మీద హక్కు భూమి యజమానికి ఇచ్చేనాటికి అడవుల్లో మిగిలింది కొద్దే. చందనం నూనె ధర సామాన్య కారీగర్‌కి అందకుండా పోయింది. కన్నౌజ్‌లో చాలా భట్టీలు చందనం బదులు డీవోపీ అనే వాసన లేని రసాయన ద్రవంలోకి, లిక్విడ్ పారాఫిన్‌లోకి అత్తరుని దించడం మొదలుపెట్టాయి. అది సస్తాగా వస్తుంది, పువ్వు వాసనని పట్టుకుంటుంది కూడా. కానీ దానికి తనదంటూ చెప్పడానికేమీ లేదు.

ఊళ్ళు తిరిగే అత్తరు సాయిబు చేతికి వచ్చింది ఈ సీసాలే, చాలాసార్లు అంతకన్నా పలచనివి. ఇంకోవైపు నుంచి డియోడరెంట్ డబ్బాలు కిరాణా షాపు దాకా వచ్చేశాయి. ఉర్సుల్లో అత్తరు పెట్టె పక్కన ప్లాస్టిక్ బొమ్మలు చేరాయి, తర్వాత బొమ్మలే మిగిలాయి. మా ఊరి ఆయన కొడుకు ఆటో నడుపుతున్నాడని విన్నాను. జాబితాలో ఆ పేరు చేరిన 2007 నాటికి ఆ పేషా మీద బతుకుతున్నవాళ్ళు మా వైపు నాకు దాదాపు కనిపించలేదు. పేషా పోయినా పేరు మిగిలింది.

అసలు మట్టి అత్తరు ఇప్పటికీ దొరుకుతుంది, కానీ సీసా మీద రాసింది చూసి పోల్చుకోలేరు. దుకాణంలో మూత తీసి వాసన చూస్తే కూడా తెలియదు, డీవోపీలో దించినదీ మొదటి అరగంట బాగానే పలుకుతుంది. ఒంటికి రాయించుకుని, డబ్బులు ఇవ్వకుండా బయటికి వచ్చేయండి, నారాజ్ అయ్యే దుకాణదారైతే అది కూడా ఒక సమాచారమే. రుద్దకండి. పత్తర్‌గట్టీలో తిరగండి, చాయ్ తాగండి, జొహర్ చదువుకోండి. మూడో గంటలో మణికట్టు దగ్గర ముక్కు పెట్టండి. మట్టి వెళ్ళిపోయి ఉంటుంది, వెళ్ళాల్సిందే. దాని కింద మీగడలాంటి చందనం ఉంటే వెనక్కి వెళ్ళి కొనుక్కోండి. ఏమీ లేకపోతే ఆ సీసాలో అడుగు లేదు.